కాపరికీ కావాలి ఒక ఆదివారం

సంఘం బరువంతా ఒక్క భుజం మీద మోపి, ఆ మనిషిని గౌరవిస్తున్నామనుకోవడం పొరపాటు. పుదుచ్చేరి మూడు శతాబ్దాల అనుభవం చెబుతున్నదీ అదే.

పుదుచ్చేరి రైల్వే స్టేషన్‌కు కూతవేటు దూరంలో ఎరుపు, తెలుపు రంగుల్లో మెరిసే తిరుహృదయ బసిలికా ముందు ఏ ఆదివారం చూసినా రెండు రకాల జనం కనిపిస్తారు. ఫొటోలు తీసుకునేవారు కొందరు, ప్రార్థనకు వచ్చేవారు కొందరు. ఇద్దరి కంటా పడనిది లోపలి గురువు దినచర్య. తెల్లవారకముందే తొలి పూజ. ఆ వెంటనే మరో పూజ. మధ్యలో పాపసంకీర్తనం, బాప్తిస్మం, పెళ్లి ప్రకటనలు. మధ్యాహ్నం ఆస్పత్రిలో చివరి ఘడియల్లో ఉన్న వ్యక్తికి అవస్థ అభ్యంగనం. సాయంత్రం సమాధుల తోటలో ప్రార్థన. రాత్రి పండుగ కమిటీ సమావేశంలో రథం ముందు ఎవరు నడవాలన్న తగాదా. ఆ తర్వాత బడిలో సీటు ఇప్పించమని ఒక ఫోన్, తాగివచ్చిన భర్తకు బుద్ధి చెప్పమని మరొకటి. ఇది ఏదో ఒక్క గుడి కథ కాదు, జనం ఎక్కువగా ఉన్న ఏ విచారణలోనైనా వారం వారం జరిగేదే. ఊరంతటికీ ఆదివారం విశ్రాంతి దినం. ఆయన ఒక్కడికే కాదు.

సంఖ్యలో పుదుచ్చేరి క్రైస్తవులు ఎక్కువేం కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం కేంద్రపాలిత ప్రాంతంలోని 12.48 లక్షల మందిలో వారు 78,550, అంటే 6.29 శాతం. కానీ పట్టణం ముఖచిత్రంలో చర్చి శిఖరాలది పెద్ద వాటా. స్థానికులు సాంబా కోవిల్ అని పిలిచే అమలోద్భవి మాత కథీడ్రల్ 1791 నాటిది. సముద్రానికి దగ్గర్లో ఉన్న దేవదూతల మాత ఆలయం 1855 నాటిది, అక్కడ తమిళం, ఇంగ్లీషు, ఫ్రెంచి మూడు భాషల్లోనూ పూజలు జరుగుతాయి. తిరుహృదయ ఆలయం 1907లో పూర్తయి, 2011లో బసిలికా హోదా పొందింది. అగ్రపీఠం పరిధి పట్టణంతో ఆగదు. కారైకాల్‌తోపాటు తమిళనాడులోని కడలూరు, విల్లుపురం వైపు పల్లెలూ అందులోనివే. ఇన్ని భాషలు, ఇన్ని పండుగలు, ఇంతమంది యాత్రికుల మధ్య గురువు ఒకేసారి అర్చకుడు, ఆఫీసు మేనేజరు, మధ్యవర్తి, గైడు కూడా అవుతాడు.

ప్రొటెస్టెంట్, స్వతంత్ర సంఘాల సంగతి మరోలా ఉంటుంది. అక్కడ పై అధికారి, బదిలీ, నెల జీతం వంటివి ఉండకపోవచ్చు. అద్దె హాలులో నలభై కుటుంబాలతో నడిచే సంఘంలో ప్రసంగించేదీ, మైకు సర్దేదీ, హాలు అద్దె కట్టేదీ, అర్ధరాత్రి రోగిని జిప్మర్‌కు తీసుకెళ్లేదీ పాస్టరుగారే. చదువుకోసమో, ఉద్యోగం కోసమో, వైద్యం కోసమో వచ్చి ఊరుగాని ఊరులో ఉన్న తెలుగు కుటుంబానికి తొలి ఆసరా కూడా చాలాసార్లు ఆయనే. పాస్టరమ్మ పేరు ఏ జీతాల పట్టికలోనూ ఉండదు. కానీ ఆదివారం బడి, స్త్రీల కూటం, వచ్చిన వారందరికీ టీ ఆమె పనే. ఒక్కరి కానుకకు ఇద్దరి చాకిరీ అన్నమాట.

ఈ బరువుకు వైద్యశాస్త్రం ఎప్పుడో పేరు పెట్టింది. నలుగురికీ సాయపడే వృత్తుల్లో ఉన్నవారు లోలోపల కాలి బూడిదయ్యే స్థితిని మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బెర్గర్ 1974లో ‘బర్న్ అవుట్’ అన్నారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వృత్తిపరమైన సమస్యగా తన వర్గీకరణలో చేర్చింది. తీరని అలసట, చేసే పని పట్ల విముఖత, ఎంత చేసినా ఏమీ చేయలేదన్న భావన దీని మూడు లక్షణాలు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం నార్త్ కరోలినా మెథడిస్టు పాస్టర్లపై జరిపిన అధ్యయనంలో 8.7 శాతం మందిలో డిప్రెషన్ కనిపించింది. సాధారణ జనంలో అది 5.5 శాతమే. బార్నా సంస్థ 2022 మార్చిలో జరిపిన సర్వేలో 42 శాతం ప్రొటెస్టెంట్ పాస్టర్లు గడచిన ఏడాదిలో పూర్తికాల సేవ మానేద్దామా అని ఆలోచించామన్నారు. అమెరికా లెక్కలు పుదుచ్చేరికి అచ్చంగా సరిపోవు. కానీ జబ్బుకు సరిహద్దులుండవు. మన దగ్గర దానికి తోడు మరో చిక్కుంది. ఇక్కడ పాస్టరు ‘అలసిపోయాను’ అంటే విశ్వాసం సడలిందనుకుంటారు. కాబట్టి ఆయన ఆ మాట అనడు.

2021 వేసవి ఈ బరువు ఎంత ప్రాణాంతకం కాగలదో చూపింది. కరోనా రెండో ఉప్పెనలో ఏప్రిల్ 10 నుంచి మే 17 లోపు దేశంలో కనీసం 160 మంది కథోలిక గురువులు మరణించారు. అప్పటికి కొన్ని నెలల క్రితమే బాధ్యతల నుంచి తప్పుకున్న పుదుచ్చేరి, కడలూరు అగ్రపీఠాధిపతి ఆంటోనీ ఆనందరాయర్‌ను కూడా ఆ మే నెలలోనే కరోనా పొట్టన పెట్టుకుంది. శవపేటిక దగ్గరకు బంధువులే రాలేని రోజుల్లో ప్రార్థన కోసం ఫోన్లు మోగింది గురువులకే. ఆ మరణాలన్నింటికీ పనిభారమే కారణమని అనలేం. కానీ అంతమందిని పోగొట్టుకున్న తర్వాత మిగిలినవారి నెత్తిన ఎంత పని పడిందో, వారిని ఎవరు ఓదార్చారో అడిగిన సంఘాలు తక్కువ.

బరువంటే గంటల లెక్క ఒక్కటే కాదు. ఈ అగ్రపీఠం పరిధిలోనే అప్పటి విల్లుపురం జిల్లా ఎరైయూరులో 2008 మార్చిలో ప్రత్యేక విచారణ కావాలన్న దళిత క్రైస్తవుల కోరిక చుట్టూ రాజుకున్న కుల ఘర్షణ పోలీసు కాల్పులకు దారితీసింది. ఇద్దరు చనిపోయారు. ఒకే బల్ల దగ్గర మోకరించేవారి మధ్య గీత గీసింది గురువు కాదు. కానీ ఆ గీత మీద నిలబడాల్సి వచ్చేది మాత్రం ఆయనే. సంఘం తన తగాదాలను తాను తీర్చుకోనంత కాలం గురువుకు వారానికి రెండు సెలవులిచ్చినా నిద్ర పట్టదు.

కొద్దిమంది మీద కొండంత పని అన్నది పుదుచ్చేరికి కొత్తేం కాదు. నిజానికి ఆ కథలో తెలుగువారికీ భాగముంది. 18వ శతాబ్దం తొలినాళ్లలో ఇక్కడి ఫ్రెంచి జెసూట్లు కర్ణాటక మిషన్ పేరుతో పుంగనూరు, కృష్ణాపురం, మద్దిగుబ్బ దాకా వెళ్లారు. వేళ్ల మీద లెక్కించదగ్గ గురువులు, రోజుల తరబడి ప్రయాణాలు, మధ్యలో యుద్ధాలు. గురువు ఒక ఊరు వదిలి మరో ఊరు వెళితే మళ్లీ ఎప్పుడొస్తాడో తెలియదు. ఆ మధ్యకాలంలో పిల్లలకు జపాలు నేర్పింది, చనిపోయేవారి పక్కన కూర్చున్నది, గొడవలు సర్దింది ఊళ్లోని ఉపదేశులే. సంస్కృతానికీ లాటిన్, గ్రీకులకూ చుట్టరికముందని 1767లోనే ఫ్రాన్సుకు రాసి పంపిన గాస్తోన్ కూర్దూ ఈ మిషన్‌వాడే. తెలుగు నిఘంటువు పనిలోనూ ఆయన చెయ్యి ఉంది. పండితుడైన గురువుకు పుస్తకం ముందు కూర్చునే తీరిక దొరికిందంటే, దాని వెనుక పేరు నమోదు కాని ఎందరో ఉపదేశుల శ్రమ ఉండే ఉంటుంది.

1773లో పోప్ జెసూట్ సభను రద్దు చేశారు. 1776లో ఈ మిషన్ పారిస్ విదేశీ మిషన్ల సంఘం చేతికి వచ్చింది. గురువుల కొరత మాత్రం తీరలేదు. అప్పుడు ఒక బిషప్ అసలు ప్రశ్న వేశారు. తెలుగు నేలపై పనిచేసి వచ్చిన క్లెమెంట్ బొన్నాండ్ 1844లో పుదుచ్చేరిలో సినడ్ జరిపారు. ఫ్రాన్సు నుంచి ఇంకా మనుషుల్ని పంపమని అడగడం ఒక్కటే సరిపోదు, ఈ నేల బిడ్డల్నే గురువులుగా తయారు చేయాలి, వారికోసం చదువులు బాగుపడాలి అన్నది ఆ సినడ్ సారం. మరుసటి ఏడాది రోమ్ కూడా స్థానిక గురువుల తయారీపై ఆదేశం ఇచ్చింది. 1844లోనే ఆడపిల్లల చదువు కోసం లూయీ సవినియన్ డ్యుప్వీ అనే గురువు ఇక్కడ కన్యాస్త్రీల సభను స్థాపించారు. బరువు తగ్గాలంటే మోసేవాణ్ణి పొగిడితే చాలదు, మోసే చేతులు పెరగాలి. ఆ సంగతి ఈ పట్టణానికి 180 ఏళ్ల క్రితమే తెలుసు.

తెలుగునాట దీనికి మరింత స్పష్టమైన ఉదాహరణ ఒంగోలు. 1876-78 కరువు తర్వాత బాప్తిస్మం కోరుతూ వేలాది జనం తరలివచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పేరు దానితో ముడిపడిపోయింది. అయితే ఆ రోజు క్లౌ ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్లలో దిగారు. ఇద్దరు అలసిపోతే మరో ఇద్దరు. ఆ ఏర్పాటే లేకుంటే అంత పని ఒక్కరోజులో పూర్తయ్యేది కాదు, ఒక్క మనిషి చేయబోతే ప్రాణం మీదికి వచ్చేది. ‘వంతు’ అన్న చిన్న మాటలో ఎంత వివేకముందో ఆ నది ఒడ్డు చెబుతుంది. 1912లో దోర్నకల్‌లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయిన వేదనాయగం అజరయ్య కూడా పల్లె ఉపాధ్యాయుల మీదే సంఘాన్ని నిలబెట్టారు. వారి భార్యలకు కూడా శిక్షణ ఇప్పించారు.

బైబిలు చదివే సంఘాలకు ఇది కొత్త పాఠం కాకూడదు. పొద్దుటినుంచి రాత్రిదాకా జనం తగవులు తీరుస్తూ కూర్చున్న మోషేను చూసి మామ యిత్రో మందలిస్తాడు. నువ్వూ నలిగిపోతావు, జనమూ విసిగిపోతారు, పెద్దల్ని నియమించి చిన్న తగవులు వారికి వదిలెయ్ అంటాడు. యెరూషలేములో విధవరాండ్ర భోజనం దగ్గర ఫిర్యాదులొస్తే అపొస్తలులు ఆ పనికి ఏడుగురిని ఎన్నుకోమంటారు. ఏలీయా బదరీ చెట్టు కింద చావు కోరుకుంటూ పడుకుంటే దేవదూత ప్రసంగం చేయడు. తిండి పెట్టి, నిద్రపోనిస్తాడు. ఈ మూడు ఘట్టాల మీద ప్రతి సంఘం ఎన్నో ప్రసంగాలు విని ఉంటుంది. ప్రసంగించిన మనిషికి మాత్రం వాటిని వర్తింపజేయదు.

కాగితం మీద ఏర్పాట్లకు కొదవలేదు. 1983 నాటి కథోలిక ధర్మశాస్త్రం ప్రకారం ప్రతి విచారణకూ ఆర్థిక మండలి ఉండి తీరాలి. విచారణ గురువు ఏడాదికి నెల రోజుల వరకు సెలవు తీసుకోవచ్చు. 75 ఏళ్లు నిండితే రాజీనామా సమర్పించాలి. గురువుల కొరత ఉన్నచోట విచారణ సంరక్షణలో కొంత భాగాన్ని గురువులు కానివారికీ అప్పగించవచ్చు. 2021 మేలో పోప్ ఫ్రాన్సిస్ ఉపదేశి సేవకు అధికారిక హోదా కల్పించారు. ఇవన్నీ గురువుగారి దయాదాక్షిణ్యాలు కావు, వ్యవస్థలో ఉన్న వీలు. వాటిని వాడుకోవాల్సింది సంఘమే.

ఎలా? మొదటిది లెక్కలు. కానుకల పెట్టె తెరవడం, బ్యాంకులో జమ చేయడం, కరెంటు బిల్లు కట్టడం, మరమ్మతుల కాంట్రాక్టరుతో బేరమాడడం వంటి పనులకు గురుపట్టాభిషేకం అక్కర్లేదు. సంఘంలో రిటైరైన బ్యాంకు ఉద్యోగి, ఆడిటర్, ఇంజినీరు ఉండే ఉంటారు. ముగ్గురు కలిసి లెక్క చూసి, ఆర్నెల్లకోసారి గోడ మీద అంటిస్తే గురువు నెత్తి నుంచి పనితోపాటు అనుమానం కూడా దిగిపోతుంది.

రెండోది వారానికి ఒక పూర్తి రోజు. చావుబతుకుల్లో ఉన్న మనిషికి తప్ప ఆ రోజు ఫోన్ చేయకూడదన్నది సంఘం తనకు తాను పెట్టుకోవాల్సిన నియమం. ఆ రోజు ఫోన్ ఎత్తే బాధ్యత వంతులవారీగా పెద్దలు తీసుకోవాలి. ఏది నిజంగా అత్యవసరమో ముందే రాసి పెట్టుకోవాలి. కొత్త బైకుకు ప్రార్థన అత్యవసరం కాదు.

మూడోది పరామర్శ. రోగుల్ని చూడడం, చావు ఇంట్లో మొదటి రాత్రి కూర్చోవడం, ఊరికి కొత్తగా వచ్చిన కుటుంబాన్ని పలకరించడం వంటివాటిలో విశ్వాసులకున్న నేర్పు తక్కువేం కాదు. పేటకో ఇద్దరు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఈ పని తీసుకుంటే గురువు చివరి మెట్టులో, తాను మాత్రమే చేయగల పనికోసం వస్తే చాలు. అయితే సంఘం ఒక అలవాటు మానుకోవాలి. పెద్దలొచ్చి ప్రార్థించి వెళ్లాక ‘అయ్యగారు రాలేదు’ అని అలిగితే ఏర్పాటు మొదటి నెలలోనే కూలిపోతుంది.

నాలుగోది డబ్బు. స్వతంత్ర సంఘాల పాస్టర్లలో చాలామందికి పింఛను, ఆరోగ్య బీమా, సొంత ఇల్లు అన్నవి అందని మాటలు. 2020లో కరోనా వేళ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అర్చకులు, ఇమాములతోపాటు పాస్టర్లకు రూ. 5,000 చొప్పున సాయం చేసింది. ఆపదలో అది మంచిదే. కానీ తన కాపరి కడుపు నింపే బాధ్యతను సంఘం సర్కారుకు వదిలేస్తే రేపు ఆ కాపరి నోరు కూడా సర్కారు చేతిలో ఉంటుంది. తెలుగు పల్లె సంఘాలకు తెలిసిన ‘పిడికెడు బియ్యం’ పద్ధతి దీనికి జవాబు. అన్నం వండే ముందు గుప్పెడు బియ్యం పక్కన పెట్టే ఇదే అలవాటు మిజోరంలో 1910 ప్రాంతంలో మొదలై ఇప్పటికీ అక్కడి చర్చికి కోట్ల రూపాయలు సమకూరుస్తోంది. పట్టణ సంఘం బియ్యం బదులు నెలకు ఇంటికి వంద రూపాయలు పక్కన పెట్టినా పాస్టరు కుటుంబానికి ఆరోగ్య బీమా ప్రీమియం కట్టవచ్చు. పుట్టినరోజుకు శాలువా, కేకు బదులు ఆ పాలసీ కాగితం చేతిలో పెడితే ఆయనకు ఎక్కువ రోజులు వెచ్చగా ఉంటుంది.

ఐదోది వినే చెవి. ఊరందరి రహస్యాలూ మోసేవాడికి తన గోడు చెప్పుకునే చోటుండదు. సంఘ పెద్దకు చెబితే ఊరంతా పాకుతుంది, పై అధికారికి చెబితే బదిలీ రిపోర్టులో చేరుతుందన్న భయం. కాబట్టి ఆ చెవి సంఘానికి బయట ఉండాలి. వేరే సంఘపు అనుభవజ్ఞుడో, శిక్షణ పొందిన కౌన్సెలరో, అవసరమైతే డాక్టరో కావచ్చు. 2022 అక్టోబరులో మొదలైన కేంద్ర ప్రభుత్వ టెలి-మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా దొరుకుతుంది. బీపీకి మాత్ర వేసుకోవడం అవిశ్వాసం కానప్పుడు మనసుకు వైద్యం చేయించుకోవడం ఎలా అవుతుందన్న ప్రశ్న వేదిక మీద నుంచే ఒకసారి వినిపించాలి.

తప్పంతా సంఘాలదే అనడం కూడా సరికాదు. తాళంచెవులన్నీ తమ నడుముకే ఉండాలనుకునే నాయకులు తక్కువేం లేరు. తాను లేకపోతే సంఘమే లేదన్న భావన మొదట్లో కిక్కు ఇస్తుంది, చివరికి మంచం ఎక్కిస్తుంది. మైకు మరొకరికి ఇస్తే జనం వారి వైపు తిరుగుతారేమోనన్న భయంతో సెలవు వద్దనేవారూ ఉన్నారు. అలాంటిచోట సాయం చేస్తామన్న విశ్వాసి తిరుగుబాటుదారుగా కనిపిస్తాడు. ఈ భయానికి విరుగుడు కూడా ముందే రాసుకున్న నియమమే. సెలవు అందరికీ తప్పనిసరైతే అది ఎవరి మీదా కుట్ర కాదు.

మరో హెచ్చరిక కూడా అవసరం. ఆదుకోవడమంటే అడగకపోవడం కాదు. ‘పాపం, అయ్యగారు ఎంతో కష్టపడుతున్నారు’ అన్న జాలి డబ్బు లెక్కల మీదా, స్త్రీలు, పిల్లల ఫిర్యాదుల మీదా దుప్పటి కప్పకూడదు. బాధ్యత పంచుకున్నచోట అధికారమూ పంచుకోవాలి, అధికారం పంచుకున్నచోట జవాబుదారీ సహజంగా వస్తుంది. నలుగురి కళ్ల ముందు పనిచేసే నాయకుడికి అలసట తగ్గుతుంది, తప్పటడుగు వేసే అవకాశమూ తగ్గుతుంది. మంచి గురువుకు ఇది రక్షణే.

గురువు గుండెపోటుతో ఆస్పత్రిలో చేరాక జాగరణ ప్రార్థనలు చేయడానికి ఏ సంఘమూ వెనకాడదు. అంత ప్రేమ ఉన్నవారు అందులో పదో వంతు ముందే చూపిస్తే ఆ జాగరణ అవసరమే రాకపోవచ్చు. వచ్చే సోమవారం పొద్దున ఫోన్ మోగినప్పుడు, ఎత్తింది ఆయన కాకపోతే ఆ సంఘంలో పని మొదలైనట్టే.